ముఖం తిప్పుకున్న మట్టిబొమ్మ

“కాలవ మట్టి తెచ్చి కన్నెబొమ్మను చేసి, కన్నెబొమ్మకు నేను...” ఆ తర్వాత ఏం వస్తుందో బుల్లెమ్మకు గుర్తు రాదు. చిన్ననాటి పాట. గోనెపట్టాలు తడుపుతూ అంతవరకే పాడి, మళ్ళీ మొదటికొస్తుంది.

కంకిపాడు రోడ్డు పక్కన వాళ్ళ రేకుల షెడ్డు. కొడుకు రామకోటేశ్వరరావు ఇన్నాళ్ళూ నాయకుల విగ్రహాలే చేశాడు. ఇప్పుడు విజయవాడలో ఏటి ఒడ్డు పార్కుకి ప్రేమజంట కావాలన్నారు. ఇనప చువ్వలు కట్టి, బంకమట్టి మెత్తాడు. మగబొమ్మకు అద్దంలో చూసుకుని తన ముఖమే పెట్టాడు. ఆడబొమ్మ కోసం భార్య రామతులసిని ఎదురుగా నిలబెట్టాడు. మట్టి ఆరితే ఇక మలచలేరు. అచ్చు తీసేదాకా తడిగోనె కప్పే పని బుల్లెమ్మది.

తెల్లారేసరికి ఆడబొమ్మ రోజూ ముఖం పక్కకు తిప్పుకునేది. కోటేశ్వరరావు మెడమీద బొటనవేళ్ళు ఆనించి మళ్ళీ మగబొమ్మ వైపు తిప్పేవాడు.

“మా ఆవిడ పోలికే. ఒక చోట నిలవదు,” అనేవాడు.

“బొమ్మతో మాట్లాడినంత మెత్తగా నాతో ఓసారి మాట్లాడండి, నిలబడతాను,” అనేది తులసి.

ఉయ్యూరులో అక్క దగ్గర కుట్టుపని చేసుకుని బతుకుతానని ఎప్పుడు సంచి సర్దినా, గుమ్మం దగ్గరే ఆమె మెడ పట్టేసేది. ముఖం ఇంటివైపు తిరిగిపోయేది. లోపలికొచ్చి బియ్యం కడిగేది.

ఓనాడు జడ వేస్తుంటే బుల్లెమ్మకు కోడలి మెడమీద రెండు బొటనవేళ్ళ ముద్రలు కనబడ్డాయి. కొడుకు ఆమె మీద చెయ్యెత్తిన మనిషి కాదు. మట్టిమీద పడ్డవే ఇక్కడా పడ్డాయి.

“కాస్త కొబ్బరినూనె రాయండి పిన్నిగారూ,” అంది పక్కింటి తెరేసమ్మ. “రేపు అచ్చు తీస్తారంటగా. ఇక జన్మకి ఎటూ తిరగదు లెండి.”

ఆ రాత్రీ బుల్లెమ్మ ఎప్పటిలా కొడుకు తిన్నాకే కంచం ముందు కూర్చుంది.

మర్నాడు కోటేశ్వరరావు, పక్కకు తిరిగి ఉన్న ఆడబొమ్మ ముఖం చూడకుండానే, అచ్చుకు ప్లాస్టరు కొనడానికి వన్ టౌన్ వెళ్ళాడు. బుల్లెమ్మ గోనెలు తీసేసింది, తలుపులు బార్లా తెరిచింది. రోహిణికార్తె ఎండ లోపలికొచ్చింది. మెడ బీటలిస్తే పిల్ల ఏమైపోతుందోనని అక్కడే కూలబడి చూసింది. బీట పడింది. మెడకు కాదు, ఆడబొమ్మ భుజం చుట్టూ ఉన్న మగబొమ్మ చేతికి. బుల్లెమ్మ బొటనవేలితో ఆడబొమ్మ మెడను నొక్కింది. వేలు దిగలేదు.

తులసి సంచితో గుమ్మం దాటింది. ఆటో ఆపింది. మెడ తిన్నగానే ఉంది.

“వాడొస్తే ఏం చెప్పనే?” అంది బుల్లెమ్మ.

“ఏం చెప్పొద్దు అత్తయ్యా. ఆయన తినేదాకా ఆగకుండా మీ అన్నం మీరు తినేయండి.”