నాలుగు కుప్పల బియ్యం

మా అత్త మాణిక్యమ్మ నోట్లో ఒక్క పన్ను కూడా లేకపోవడం వల్లే మాకు ఉప్పుగూడలో నీడ దొరికింది. నవ్వకండి, నిజమే చెప్తున్నాను. చర్చిలో సాక్ష్యం చెప్పమన్నప్పుడల్లా నేను ఇదే చెప్తాను. అయ్యగారు దగ్గుతారు, ఆడవాళ్ళు కొంగు అడ్డం పెట్టుకుంటారు, నేను దేవునికి వందనాలు చెప్పి కూర్చుంటాను.

అరవై ఏడులో రంగూన్ నుంచి ఓడెక్కి వచ్చాం. అక్కడ మా ఆయన సీమోను బియ్యం మిల్లులో మిషను తిప్పేవాడు. నేను అదే మిల్లులో బియ్యం రకాలు ఏరేదాన్ని. మిల్లును సర్కారు తీసేసుకుని, మీ దేశం మీరు పొండి అన్నది. నేను పుట్టిందే రంగూన్‌లో, నా దేశం ఏదో నాకేం తెలుసు? విశాఖపట్నం రేవులో దిగితే కాందిశీకుల శిబిరంలో రేకుల కింద పడేశారు. అక్కడి నీళ్ళు పడక మా అత్త చావు అంచుదాకా వెళ్ళి వచ్చింది. ఇంకోసారి ఆ శిబిరానికి వెళ్తే ఆమె బతకదని నాకు తెలుసు.

సీమోను చిన్నాన్న ఉప్పుగూడలో ఉంటాడని రైలెక్కి ఈ పట్నం వెతుక్కుంటూ వచ్చాం. తీరా వస్తే ఆయన పోయి చాలా కాలమైందన్నారు. స్టేషను అరుగు మీద దిక్కు తోచక కూర్చున్నాం. అప్పుడు మమ్మల్ని చూసింది నీలమ్మక్క. ఆమె భర్త రైలు పట్టాల పనివాడు, ఆమె చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద. మీరెవరు, ఎక్కడివాళ్ళు అని ముందు అడగలేదు.

"ముసలామె ఎండల కూసున్నది. లెవ్వుండ్రి, ఫికర్ చెయ్యకుండ్రి," అంది.

చర్చి వెనకాల ఆదివారం బడి గది ఉంది. పిల్లల బెంచీలు బయట వేసి మాకు ఆ గది ఇచ్చారు. ఒకరు చాప తెచ్చారు, ఒకరు బొగ్గుల కుంపటి, ఒకరు చిల్లు పడ్డ దోమతెర. చిల్లు ఉందని వాళ్ళే సిగ్గుపడ్డారు. కట్టుబట్టలతో వచ్చినవాళ్ళకు చిల్లు ఒక లెక్కా? సీమోనుకు నయాపూల్ దగ్గర ఒక సేటు దుకాణంలో మూటలు మోసే పని కూడా వాళ్ళే చూపించారు.

ఇక తిండి. ఆ చర్చిలో ఒక పద్ధతి ఉంది. ప్రతి ఇల్లాలూ వంటకు బియ్యం తీసినప్పుడల్లా ఒక పిడికెడు పక్కన వేస్తుంది. ఆదివారం ఆ మూట తెచ్చి చర్చి గుమ్మం దగ్గర పెద్ద రేకు డబ్బాలో పోస్తుంది. అవసరం ఉన్న ఇంటికి ఆ బియ్యం వెళ్తుంది. ఆ రోజుల్లో అవి మా ఇంటికి వచ్చేవి. వాళ్ళు కూడా కలిగినవాళ్ళేం కాదు. తమ పిల్లల కంచాల్లోంచి తీసి పెడుతున్నారు.

అయితే పుణ్యం పుణ్యమే, ఉడకడం ఉడకడమే. డబ్బాలో అన్ని ఇళ్ళ బియ్యమూ కలిసి ఉండేవి. రేషను దొడ్డు బియ్యం, పాత సన్నవి, కొత్త బియ్యం, నూకలు. ఎసట్లో వేస్తే కొత్తవి, నూకలు జావ అయ్యేవి, దొడ్డువి పలుకులుగా మిగిలేవి. సీమోను నమిలేవాడు, నేను నమిలేదాన్ని. మా అత్త చిగుళ్ళతో ఏం నములుతుంది? మింగి, రాత్రంతా కడుపు పట్టుకుని మూలిగేది. అడిగితే బాగానే ఉంది అనేది.

నా చేతులు ఊరుకుంటాయా? మిల్లులో చిన్నప్పటి నుంచి చేసిన పని అది. ఒక శనివారం చాప పరిచి బియ్యం ఏరడం మొదలుపెట్టాను. నాలుగు కుప్పలు పోశాను. మెత్తగా ఉడికేవి అత్తకు, మిగతావి మాకు. నా పనితనం చూసుకుని నాకే ముచ్చటేసింది. అంతలో చర్చి ఆడవాళ్ళలో ఒకామె, రాజమణి వచ్చింది. మా అత్త కోసం చింతచిగురు పప్పు గిన్నె పట్టుకుని వచ్చింది పాపం.

"ఏందిది పుష్పమ్మా?" అంది కుప్పలు చూసి.

"ఏరుతున్నాను రాజమణక్కా. ఇదిగో, ఇవి మా అత్తకి పడవు," అని ఎర్రజీర ఉన్న దొడ్డు బియ్యం కుప్ప చూపించాను.

అవి రాజమణి ఇంటివి. తన బియ్యం ఆమె గుర్తుపట్టదా? మొహం నల్లబడింది. గిన్నె కిందపెట్టి వెళ్ళిపోయింది. ఏమైందో నాకు అర్థం కాలేదు.

మర్నాడు ఆరాధనలో నా పక్కన ఎవరూ కూర్చోలేదు. అర్థం కావడానికి అప్పటిదాకా పట్టింది. ఊళ్ళలో గిన్నె వేరు, బావి వేరు అనిపించుకుని విసిగి పట్నం వచ్చినవాళ్ళు వాళ్ళు. ఎవరి పిడికెడు ఏదో తెలియకుండా కలిసిపోవాలనే ఆ డబ్బా పెట్టుకున్నారు. నేను కూర్చుని దాన్ని మళ్ళీ ఇంటింటికీ విడదీశాను. వాళ్ళ కంటికి నేను అంటు చూసినదాన్ని. పైగా మా గది సంగతి పెద్దలు తేల్చాల్సింది ఆ ఆదివారమే. పిల్లల బడికి గది కావాలి, వీళ్ళను మళ్ళీ శిబిరానికి పంపుదామని కొందరు ముందు నుంచీ అంటున్నారు.

ఆరాధన కాగానే నీలమ్మక్క ఆడవాళ్ళను వెంటపెట్టుకుని మా గదికి వచ్చింది. కుప్పలు ఇంకా చాప మీదే ఉన్నాయి.

"మా ఇండ్లళ్ల ఎవలి బియ్యం నీకు పనికొస్తయి, ఎవలియి పనికిరావు? చెప్పు," అంది.

నాకు ఏడుపు రావాలి, కోపం వచ్చింది. నా బుద్ధే అంత. "నేను అలాంటిదాన్నయితే మీ ఇంటి చాప మీద పడుకుంటానా అక్కా?" అన్నాను. లొల్లి మొదలయ్యేదే. ఇంతలో మా అత్త గోడ పట్టుకుని లేచి, వాళ్ళ ముందుకు వచ్చి, నోరు బార్లా తెరిచింది.

"చూడండమ్మా. ఇందులో ఒక్క పన్ను కనిపించినా నా కోడల్ని తన్నండి. దొడ్డు గింజ అరగక నేను చస్తుంటే అది ఏరుతోంది. ఎవరి గింజో దానికేం తెలుసు?"

రాజమణి వంగి నిజంగానే నోట్లోకి చూసింది. చూసి నవ్వు ఆపుకోలేకపోయింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

"పండ్లు లేవని ముందుగాల చెప్పొద్దా అవ్వా? నేను ఇంట్ల రాత్రంత ఏడ్సిన," అంది.

"నాకు సిగ్గేసిందమ్మా. పెట్టిన తిండికి వంక పెట్టినట్టుంటుందని," అంది మా అత్త.

నీలమ్మక్క చాప దగ్గర కూర్చుంది. నాలుగు కుప్పలనూ రెండు చేతులతో కలిపేసింది. "ఏరుడెందుకు పిల్లా? ఇసుర్రాయిల పోసి ఇసిరితే అన్నీ ఒక్కతీరు రవ్వయితయి, ఒక్కతీరు ఉడుకుతయి. మా అవ్వకు గట్లనే వండిన," అంది. రాజమణి పరుగున వెళ్ళి తన ఇసుర్రాయి మోయించుకుని, ఇంకో గిన్నెడు చింతచిగురు పప్పు పట్టుకుని వచ్చింది. ఆమె ఒకవైపు, నేను ఒకవైపు పిడి పట్టుకుని విసిరాం. మెత్తగా ఉడికిన ఆ రవ్వలో చింతచిగురు పప్పు కలుపుకుని మా అత్త కడుపారా తిన్నది. ఓడ దిగాక ఆమె అలా తినడం అదే మొదలు.

గిన్నె కడిగి వచ్చేసరికి గుమ్మంలో చర్చి రేకు డబ్బా ఉంది. దాని పక్కన నీలమ్మక్క నిలబడి ఉంది.

"నీ పిడికెడు ఎయ్యి," అంది.

"నా దగ్గరున్నవి మీరిచ్చినవే కదా అక్కా."

"డబ్బాల పడ్డంక ఎవలియో ఎవలకెర్క? పెద్దమనుషులు ఆడ కూసున్నరు. పిడికెడు ఏసిన ఇల్లు సంఘంల ఇల్లు. సంఘంల ఇంటిని శిబిరానికి తోలుమని ఎవడంటడో నేను సూస్త."

పిడికెడు తీసి డబ్బాలో వేశాను. రంగూన్ వదిలాక మేము ఒకరికి ఇచ్చిన మొదటి వస్తువు అది. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపంతా అక్కడే వచ్చింది. నీలమ్మక్క నా వీపు మీద చెయ్యి వేసి నిలబడింది.

వెనక నుంచి మా అత్త గోడ పట్టుకుని వచ్చింది. తనూ ఒక పిడికెడు వేసింది.

"ఇంటికి ఒకటే అవ్వా," అంది రాజమణి.

"ఒకటి ఇంటిదే," అంది మా అత్త. "ఇంకొకటి మా తర్వాత ఆ స్టేషను అరుగు మీద కూర్చునేవాళ్ళకి."