తెగిన మీసాలు

నా భార్య గౌరీశ్వరి కర్మలో తీయించిన మీసం మళ్లీ పెంచలేదు. ఎందుకన్నది కూర్మన్నపాలెంలో నేను పనిచేసే షెడ్డు వాళ్లందరికీ తెలుసు. ఆమెకు ప్రాణం మీదికి వచ్చినప్పుడు నేను కాలువ పైపులో పూడిక తీస్తున్నాను. ఫోను మా సూపర్‌వైజరు గురునాథరావుకి వచ్చింది. అతను నా బావమరిది. పని ఆగిపోతుందని, నేను బయటికి వచ్చేదాకా చెప్పలేదు. నేను వెళ్లేసరికే ఆమె పోయింది. ఆమె అతని సొంత అక్క.

అప్పటి నుంచి మీసం లేని నా మొహం చూస్తే అతను తల తిప్పుకుంటాడు. నాకు కావలసింది అదే.

మొన్నటి వానకి ఆ పైపు మళ్లీ పూడిపోయింది. నీళ్లు షెడ్డులోకి వచ్చాయి. నాకిప్పుడు ఒళ్లొచ్చింది; అందులో దూరగల బక్కవాడు మాతోనే పనిచేసే గురునాథరావు కొడుకు కార్తీక్ ఒక్కడే. వాడి భార్య ఆశాజ్యోతి ఆ ఉదయమే పురిటినొప్పులతో ఆసుపత్రిలో చేరింది. వాడు ఫోను పట్టుకుని పైపు ముందు నిలబడ్డాడు.

దువ్వాడ కాలేజీ నుంచి అలేఖ్య అనే లెక్చరర్ ఒక యంత్రం తెచ్చింది. పందికొక్కంత ఉంది. మూతికి రెండు వైపులా మెత్తటి రబ్బరు మీసాలు. బురదలో కెమెరాకి ఏమీ కనబడదట, అందుకని తడుముకుంటూ పోతుందట. పూడిక ఎక్కడుందో అది చెబితే పైనుంచి తవ్వుకోవచ్చు. మనిషి దిగనక్కరలేదు.

"దీనికీ మీసాలున్నాయన్నా," అన్నాడు నాతో పనిచేసే జగ్గయ్య. "నీకే నేవు."

"దాని బావమర్ది మంచోడయ్యుంటాడు," అన్నాను, గురునాథరావుకి వినపడేలా.

యంత్రానికి కట్టిన తాడు నా చేతికిచ్చి లోపలికి వదిలారు. కొంతదూరం పోయాక తాడు మెలి తిరగసాగింది. అలేఖ్య ల్యాప్‌టాప్ చూసింది.

"ఇనుప తుక్కు తగిలి ఎడమవైపు మీసాలు తెగిపోయాయి. అటు గోడ లేదనుకుని తిరుగుతోంది. ఆగండి, మిగిలినవాటితో నేర్చుకుంటుంది."

"నేర్సుకోడానికి ఇదేటి, బడా?" అన్నాడు గురునాథరావు. "బావా, తాడు లాగీ. ఒరే కార్తీక్, సొక్కా ఇప్పి దిగు."

కార్తీక్ ఫోను నాకేసి చాచాడు. "మావా, ఫోనొత్తే నాకో కేకేత్తావు కదూ?"

నేను ఫోను అందుకోలేదు. తాడూ లాగలేదు.

"సెవుడా బావా? లాగమన్నాను."

"లాగను. నీ మాటిని ఓపాలి దిగి, పైపులోనే ఉండిపోనాను."

అతను తాడు లాక్కోబోయాడు. నేను నడుముకి చుట్టుకున్నాను. కార్తీక్ మీద జాలి అనుకున్నారు అందరూ. ఎవరేమనుకుంటే నాకేం.

తాడు మెలి తిరగడం ఆగింది. యంత్రం ఒళ్లు అడ్డం తిప్పి, కుడి మీసాలతోనే ఎడమ గోడ తడుముతోందని అలేఖ్య చెప్పింది. తాడు మళ్లీ నెమ్మదిగా లోపలికి సాగింది. కాసేపటికి ఆమె లేచి వెళ్లి కాంక్రీటు మీద సుద్దతో గీత గీసింది. "ఇక్కడ తవ్వండి."

గునపాలు తెచ్చేలోపే కార్తీక్ ఫోను మోగింది. వాడే ఎత్తాడు.

"ఆడపిల్లంట మావా!" నాకే చెప్పాడు, తండ్రికి కాదు. బండి తాళం కోసం జేబులు తడుముకుంటూ పరుగెత్తాడు.

గురునాథరావు కళ్లు తుడుచుకుని నా దగ్గరికి వచ్చాడు. "పిల్లకి అక్క పేరు పెడదాం బావా. ఇంకనైనా మీసం పెంచు."

"పేరు ఆళ్లమ్మా బాబూ పెట్టుకుంతారు. నువ్వు తవ్వించు," అన్నాను.

మర్నాడు పిల్లను చూడడానికి వెళ్లేముందు మీసం నున్నగా గీసుకున్నాను. అక్కడ గురునాథరావు కూడా ఉంటాడు.