పదకొండు వరసలు

మా పంతులమ్మ నిజానికి పంతులమ్మ కాదు, మందుల షాపులో పనిచేస్తుంది. ఎవరి అల్లికలో ఒక్క కుట్టు తప్పినా ఆమెకు నిద్ర పట్టదు కాబట్టి మా అక్క ఆ పేరు పెట్టింది. అక్క, నేను, ఆమె పదేళ్ళు ప్రతి ఆదివారం మా ముందుగదిలో కూర్చుని ఊలు అల్లుకున్నాం. అక్క పోయాక ఇద్దరం మిగిలాం.

అక్క ఆఖరి రోజుల్లో ఆసుపత్రి మంచం మీద ఒక శాలువా మొదలుపెట్టింది. వణికే వేళ్ళతో పదకొండు వరసలు అల్లింది. అన్నీ వంకర టింకరలే. వాటిని ఆరు నెలలు బీరువాలో దాచుకున్నాను. ఒక ఆదివారం గుండె రాయి చేసుకుని బయటికి తీసి పంతులమ్మ ఒళ్ళో పెట్టాను. ఎవరల్లారో చెప్పబోతే ఏడుపొచ్చింది. టీ పెడతానని వంటింట్లోకి వెళ్ళిపోయాను.

టీ తెచ్చేసరికి పంతులమ్మ ఒళ్ళో ఊలు ఉండ మాత్రమే ఉంది.

"మొత్తం విప్పేశాను. ఇరవై మూడు తప్పులు, ఒక్కొక్కటీ లెక్కపెట్టాను! చేతులతోనే అల్లావా, కాళ్ళతోనా? అక్క చూసుంటే నీ తల వాచేలా చీవాట్లు పెట్టేది," అని నవ్వింది.

నాకసలే ముక్కు మీద కోపం. వేడి టీ ఆమె మీదికి విసిరేశాను. జుట్టు పట్టుకుని తల గోడకేసి కొట్టాను. ఒకసారి కాదు, మూడుసార్లు. నా మణికట్టు కొరికింది. స్టూలు మీదున్న స్టీలు అల్లిక సూది చేతికందింది. మొహానికి అడ్డం పెట్టుకున్న ఆమె కుడి అరచేతిలో దించాను. సూది అవతలికి వచ్చింది.

"ఏం చేశానే నేను?" అని అరిచింది.

"అది అక్క అల్లిందే!"

ఆమె మొహం పాలిపోయింది. "అక్క తప్పులు చేస్తుందని ఎలా అనుకుంటానే? నీదనుకున్నా."

సూది పీక్కుంది. రక్తం ధారగా కారుతుంటే కింద పడిన ఊలు ఉండనే గాయానికి అదుముకుంది. నేను ఆమె కడుపులో తన్ని ఉండ లాక్కున్నాను. కేకలు విని పక్కింటి పిన్ని పరుగున వచ్చి ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్ళింది. నేను కుళాయి కింద ఊలు కడుక్కుంటూ కూర్చున్నాను.

ఆసుపత్రిలో ఏం చెప్పిందో గానీ, పోలీసులు రాలేదు.

రెండు నెలలు ఆ పదకొండు వరసలూ మళ్ళీ అక్కలాగే అల్లాలని చూశాను. నా దిక్కుమాలిన వేళ్ళకు నా తప్పులే వచ్చు, అక్కవి రావు. ఏ కుట్టు జారిందో, ఏది బిగిసిందో నాకు గుర్తులేదు. ఏడుస్తూ చూసినదాన్ని, ఏం గుర్తుంటుంది? వాటిని లెక్కపెట్టి చూసింది పంతులమ్మ ఒక్కతే.

సిగ్గు విడిచి ఆమె ఇంటికి వెళ్ళాను. తలుపు ఎడమ చేత్తో తీసింది. కుడిచేతి వేళ్ళు రెండు ముడుచుకోవడం లేదు. ఆమె కాళ్ళ మీద పడ్డాను.

"ఆ తప్పులు ఎక్కడెక్కడున్నాయో చెప్పవే. నీకు పుణ్యం ఉంటుంది."

"ఇరవై మూడూ గుర్తున్నాయి," అంది. "సూది పోటంటావా, కోపంలో పొడిచావు, పోనీలే అనుకున్నా. రక్తం కారుతుంటే ఊలు లాక్కున్నావు చూడు, అది మాత్రం మర్చిపోలేనే. ఒక్కటి కూడా చెప్పను."

తలుపు వేసుకుంది. చేతులు పగిలేదాకా ఆ తలుపు బాదాను.