ప్రార్థన మనవి

ఆ ఇంట్లో ఫోన్లకు తాళాల్లేవు. సాయంత్రం కాగానే కూతురి ఫోన్ బల్ల మీదికి రావాలి. తండ్రి ఒకసారి చదువుతాడు, తల్లి ఇంకోసారి చదువుతుంది. ఆవిడ ఆసుపత్రిలో హెడ్ నర్సు. పదహారేళ్ల పిల్లను కూడా వార్డులో రోగిని చూసినట్టే పూటపూటకూ చూసుకుంటుంది. ప్రేమ లేక కాదు, ప్రేమ మరీ ఎక్కువై.

ఈమధ్య ఆ ఫోన్లో ఏమీ దొరకడం లేదు. అదే ఆవిడకు గుబులు. జ్వరం లేని చార్టు చూసి కంగారుపడే నర్సు లోకంలో ఈవిడ ఒక్కతేనేమో!

శనివారం ఉదయం కూతురు స్నానానికి వెళ్లగానే పరుపు కింద చెయ్యి పెట్టింది. నోటుపుస్తకం తగిలింది. నీళ్ల చప్పుడు మీదే ఒక చెవి వేసి పేజీలు తిప్పింది. అబ్బాయి పేరు కోసం వెతికింది. ఎక్కడా లేదు. ప్రతి పేజీ ‘ప్రభువా’ అనే మొదలైంది. ఆఖరి పేజీలో ఇలా ఉంది: ‘ప్రభువా, నువ్వు నిజంగా ఉన్నావా? గోడతో మాట్లాడుతున్నట్టుంది. అమ్మకి చెప్తే చచ్చిపోతుంది.’

అబ్బాయి పేరు కనబడినా ఆవిడ ఇంత వణికేది కాదు. నీళ్ల చప్పుడు ఆగింది. పుస్తకం ఎక్కడిదక్కడ పెట్టేసి, వంటగదిలోకి పరుగెత్తి పాస్టరమ్మకు మెసేజ్ పెట్టింది. ‘మా పిల్ల పేరు చెప్పకుండా ప్రార్థించండి అక్కా’ అని, కూతురి మాటలు ఉన్నవి ఉన్నట్టు దించేసింది. రోగి బాధను రోగి మాటల్లోనే రాయాలని వృత్తి నేర్పిన పాఠం మరి.

మర్నాడు సాయంత్రం ప్రార్థన కూడిక వాళ్లింట్లోనే. హాలు నిండా జనం. అందరూ కళ్లు మూసుకున్నాక పాస్టరమ్మ గొంతెత్తింది.

“ప్రభువా, ఒక చిన్నబిడ్డ నువ్వు నిజంగా ఉన్నావా అని అడుగుతోంది తండ్రీ! గోడతో మాట్లాడుతున్నట్టుంది అంటోంది...”

ఆపమందామనుకుంది తల్లి. కానీ ప్రార్థనను మధ్యలో ఆపిన వాళ్లెవరు?

“అమ్మకి చెప్తే చచ్చిపోతుందని భయపడుతోంది ప్రభువా!”

“ఆమెన్, ఆమెన్” అన్నారు చుట్టూ ఉన్నవాళ్లు. తల్లి కళ్లు తెరిచింది. కూతురు అప్పటికే కళ్లు తెరిచి ఆవిడనే చూస్తోంది. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది.

పాస్టరమ్మ ముగించి, ఏమీ ఎరగనట్టు పిల్ల వైపు తిరిగింది. “ఇప్పుడు నువ్వు ప్రార్థన చెయ్యమ్మా.”

గదంతా తల వంచుకుని కాచుకుంది.

“ఆయనకి చెప్పాల్సింది ఏమన్నా ఉంటే మా అమ్మ చెప్తుంది ఆంటీ,” అంది పిల్ల మెల్లగా. “నేనింక మాట్లాడను.”

లేచి తన గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. ఉన్నావా అని ఆ పిచ్చిపిల్ల ఆయన్నే కదా అడిగింది! నిన్నటిదాకా ఆ ఒక్కడితోనైనా మాట్లాడింది. తల్లికి ఆ సంగతి ఇప్పుడు తట్టింది. అందరి ముందూ భోరున ఏడ్చింది.

పాస్టరమ్మ వచ్చి వీపు నిమిరింది. “దిగులుపడకు. పిల్ల కోసం ఇంకోసారి ప్రార్థన చేద్దాం.”

“వద్దక్కా,” అంది తల్లి, మూసిన తలుపు వైపు చూస్తూ. “మీరంతా ఇళ్లకి వెళ్లండి.”