అన్నయ్య చెప్పమన్న మాట

ఆ లాయరమ్మ నోట్లో నోరుపెట్టి నెగ్గినవాడు కోర్టులో ఎవడూ లేడు. అంతటి మనిషీ కోర్టు తనకప్పగించిన పిల్లల ముందు మాత్రం నోరు కట్టేసుకుని నేలమీద చతికిలబడుతుంది. తలుపు వేయాలా, తీసి ఉంచాలా అని వాళ్లనే అడుగుతుంది. ‘ఏం జరిగింది?’ అని చచ్చినా అడగదు. వాళ్లు చెప్పమన్నదే జడ్జికి చెబుతుంది, వద్దన్నది ఎవరికీ చెప్పదు. ఇంటికెళ్లి మొగుడితో చెప్పుకుని ఏడుద్దామన్నా కుదరని పని అది.

నాన్న అమ్మని చంపుతుంటే చూసినవాళ్లు ఇద్దరే. అందరూ పిచ్చుక అని పిలిచే ఎనిమిదేళ్ల పిల్ల, పన్నెండేళ్ల అన్నయ్య. ఇద్దరినీ చెరో హాస్టల్లో పెట్టి, చెరో లాయర్నిచ్చారు. పిచ్చుక మన లాయరమ్మ వంతుకొచ్చింది. పిచ్చుక నాలుగు వారాలు పెదవి విప్పలేదు. అయిదో వారం, “అన్నయ్య దగ్గరుంటా ఆంటీ” అంది.

పిల్లలకు ఎన్నడూ మాటివ్వని లాయరమ్మ ఆ ఒక్కసారి నోరు జారింది. “ఇద్దర్నీ ఒకచోటే ఉంచుతార్లేమ్మా” అనేసింది. ఆవిడ బుద్ధి గడ్డి తింది, ఇంకేం చెప్పను!

జడ్జి విడివిడిగానే ఉంచమన్నారు. అలా అడిగింది అన్నయ్యేనట. వాడి తరఫు లాయరు వరండాలో ఆపి చెప్పాడు. “చెల్లిని చూస్తే ఆ రోజే కళ్లముందుకొస్తోందటండీ. కోపం మాత్రం లేదని దానికి చెప్పమన్నాడు.”

లాయరమ్మ పిచ్చుక పక్కన కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పింది. “మాటివ్వకుండా ఉండాల్సింది తల్లీ. తప్పు నాదే.”

పిచ్చుక గౌను అంచు మడతపెట్టింది.

“నాకూ అంతే ఆంటీ. అన్నయ్యని చూస్తే భయమేస్తుంది. చూడకపోతే ఇంకా ఎక్కువ భయమేస్తుంది.”

లాయరమ్మకి వెంటనే తట్టింది. ఈ ఒక్క మాట చాలు, ఇద్దర్నీ కలపమని కేసు మళ్లీ తెరిపించవచ్చు. వాడు వింటే పరిగెత్తుకొస్తాడు కూడా.

“ఇది జడ్జిగారికి చెప్పనా? పోనీ, అన్నయ్యకి?”

“వద్దు. వాడికి మళ్లీ గుర్తొస్తుంది.”

“ఎవరికీ వద్దా?”

“ఎవరికీ వద్దు.”

“సరేనమ్మా” అంది లాయరమ్మ.

వరండాలో అన్నయ్య లాయరు ఇంకా నిలబడే ఉన్నాడు. “వాడు అడుగుతున్నాడండీ. చెల్లి ఏమంది?”

“ఏమీ అనలేదండీ” అంది లాయరమ్మ.