ఆరో పాట

పప్పులో పోపు వేస్తుంటే ముందుగదిలోంచి నా ఏడుపు వినిపించింది.

నేను ఏడవడం లేదు. నా చేతిలో గరిటె ఉంది, నూనెలో ఎండుమిర్చి మాడుతోంది. ముందుగదిలో నా భర్త ఉపేందర్, అతని స్నేహితులు ప్రకాశ్, షాహిద్ ఫోన్‌లో ఒక వీడియో చూస్తున్నారు. హైదరాబాద్‌లో పాటల మీద సమీక్షలు చేసే ఒకాయన వాళ్ల ఆల్బమ్ గురించి మాట్లాడుతున్నాడు. "ఆరో పాటలో ఇనుప మోత కింద ఒక మూలుగు ఉంది. దెబ్బ తగిలిన జంతువు మూలిగినట్టుంది. ఏ సాఫ్ట్‌వేర్‌తో పుట్టించారో కానీ, ఈ ఆల్బమ్‌కి ప్రాణం అదే" అన్నాడు. మళ్లీ ఆ ముక్క వేశాడు. ఈసారి పొయ్యి కట్టేసి విన్నాను. రెండు వెక్కిళ్ల మధ్య ఒక పేరు. నీలి.

ఆ పేరు నేను ఎవరికీ చెప్పలేదు.

ఉపేందర్ భూపాలపల్లిలో ఒక వర్క్‌షాపులో కాంట్రాక్టు ఫిట్టర్. యంత్రాల చప్పుళ్లు పోగుచేసి, వాటికి గిటార్, డ్రమ్ములు కలిపి పాటలు కట్టడం అతని పిచ్చి. ముగ్గురూ కలిసి 'ఇనుప దుమ్ము' అని బ్యాండ్ పెట్టుకున్నారు. 'మూడో షిఫ్టు' అనే ఈ ఆల్బమ్ కోసం పద్నాలుగు నెలలు మా వెనక గదిలోనే రికార్డింగ్. గోడలకు బొంతలు కుట్టి వేలాడదీసింది నేను. ఆదివారాలు బొగ్గు లారీలు తిరిగే రోడ్డు పక్కన మైకు పట్టుకుని దుమ్ములో నిలబడింది నేను. "వదినె చేతి కూర లేకుంటె మా ఆల్బమే లేదు" అనేవాడు షాహిద్. నవ్వేదాన్ని. రికార్డింగ్ నడుస్తుంటే కుక్కర్ పెట్టొద్దనీ, దగ్గొద్దనీ, గిన్నె కింద పెడితే వినిపిస్తుందనీ ఉపేందర్ చెప్పేవాడు. చప్పుళ్లతో బతికే ఆ ఇంట్లో చప్పుడు చేయకూడనిది నేనొక్కదాన్నే.

ఉపేందర్ పాటలన్నీ హెడ్‌ఫోన్లు పెట్టుకునే కలిపాడు; పూర్తయ్యాక నేను వినలేదు. ఆల్బమ్ వచ్చిన కొత్తలో జనం వెక్కిరించారు. "రేకుల షెడ్డు కూలినట్టున్నది" అని ఒకడు, "గిదేం పాట, పిండి గిర్నీ నడుపుతున్నరా?" అని ఇంకొకడు. ఉపేందర్ రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. పక్కన కూర్చుని బతిమాలి తినిపించాను. ఇప్పుడీ మెప్పు.

ఆ ఏడుపు ఎప్పటిదో నాకు తెలుసు. పోయిన వానాకాలం, ఐదో నెలలో నాకు కడుపు పోయింది. పుట్టబోయే బిడ్డకు నీలి అని మనసులోనే పేరు పెట్టుకున్నాను. దవాఖాన నుంచి వచ్చిన మూడో రోజు స్నానాలగదిలో నల్లా విప్పి కూర్చున్నాను. బయట మా అత్త రాజీ "ఎంతసేపు ఏడుస్తది? పనిల వడితె అదే మరుస్తది" అంటుంటే, ఉపేందర్ "జర ఆగు, ఆమెను ఒక్కదాన్నే ఉండనియ్యి" అన్నాడు. ఆ ఒక్క మాటను ఏడాదిగా దాచుకున్నాను. అతని మీద కోపం వచ్చినప్పుడల్లా తలుచుకుని, ఇంత అర్థం చేసుకున్న మనిషి మీద కోపమేమిటని నన్ను నేనే తిట్టుకున్నాను. నన్ను ఒంటరిగా ఎందుకు ఉండనిచ్చాడో ఇప్పుడు తెలిసింది. నల్లా నీళ్ల చప్పుడు కూడా పాటలో ఉంది.

ముందుగదిలోకి వెళ్లాను.

"అన్నం అయిందా సుమనా?" అన్నాడు ఉపేందర్, ఫోన్ మీంచి తలెత్తకుండా.

"ఆరో పాటల ఏడ్సేది నేను" అన్నాను.

ప్రకాశ్ అతని వైపు తిరిగాడు. "కంప్యూటర్ల చేసిన అన్నవ్ కదరా?" షాహిద్ తల దించుకున్నాడు. ఉపేందర్ నన్ను వంటింట్లోకి తీసుకొచ్చి తలుపు దగ్గరగా వేశాడు.

"అది నా బిడ్డ కాదా? నాకు ఏడుపు రాలే సుమనా. ఎంత తండ్లాడినా రాలే. గందుకే నీది పెట్టిన."

అతని కళ్లు తడిగా ఉన్నాయి. అబద్ధం కాదు. నా చెయ్యి అతని భుజం దాకా వెళ్లింది.

"ఒక్కమాట నన్ను అడగొద్దా?"

"అడిగితె ఇస్తుంటివా?"

"ఇయ్యకపోతుంటి."

"గందుకే అడగలే."

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. "పాట తీసెయ్."

"అందరు మెచ్చుకున్నది గదొక్కటే! నీ పేరు గూడ ఏస్త. సుమన అని పెద్దగ ఏస్త."

"నా పేరొద్దు. తీసెయ్."

అతను కదల్లేదు. ఆ మధ్యాహ్నమే ప్రకాశ్ తన లాప్‌టాప్ తెరిచి నెట్‌లోంచి ఆ పాట తీసేశాడు. వారం తిరక్కుండానే ఆ సమీక్షకుడు మరో వీడియో పెట్టి, బ్యాండ్ భయపడి వెనక్కి తగ్గిందన్నాడు. "మొగడు పైకొస్తుంటె కాళ్లు వట్టి గుంజె" అంది అత్త. నాలుగు చీరలు సంచిలో పెట్టుకుని కురవి పక్క ఊళ్లో ఉండే మా అమ్మ దగ్గరికి వచ్చేశాను. ఆదివారం వస్తానని మాత్రం ఉపేందర్‌కు చెప్పాను.

శుక్రవారం సాయంత్రం జనగామలో వాళ్ల కచేరీ. మధ్యలో ఫోన్ చేశాడు. వెనక వందల గొంతులు 'ఆరో పాట' అని అరుస్తున్నాయి, కాళ్లతో నేలను దంచుతున్నాయి.

"ఇంటున్నవా? వీళ్లు ఇడుస్తలేరు. ఒక్కసారే. ఎయ్యాల్నా?"

పెళ్లయిన ఏడేళ్లలో అతను నన్ను అడగడం అదే మొదటిసారి.

"వద్దు" అన్నాను.

అతను ఫోన్ పెట్టెయ్యలేదు. చెవికి ఆనించుకుని విన్నాను. డ్రమ్ము మీద షాహిద్ దెబ్బ పడింది. మొదలైంది మూడో పాట. జనం ఈలలు వేశారు, తిట్టారు. ఉపేందర్ పాడుతూనే ఉన్నాడు.

నా మాట విన్నాడు. కానీ వేయమంటావా అని అడిగాడంటే, నా ఏడుపు ఇంకా అతని దగ్గరే ఉంది.

ఆదివారం నేను భూపాలపల్లి బస్సెక్కలేదు.