తాబేళ్లకు భయం నేర్పడం

మలేషియా విమానాశ్రయంలో ఎవడి సూట్‌కేసులోనో దొరికిన ముప్పై ఒక్క నక్షత్ర తాబేళ్లు తిరిగొచ్చి శంషాబాద్‌లో దిగేసరికి పదకొండు నెలలు పట్టింది. రెండు దేశాల సంతకాలు పడాలి కదా. ఎత్తుకుపోయినవాడికి మాత్రం ఏ సంతకమూ అవసరం పడలేదు.

అడవిలో వదిలేదాకా వాటిని అక్కడికి దగ్గర్లోనే మా ఊరు పాల్మాకుల పక్కన ఒక షెడ్డులో ఉంచారు. ఖర్చు భరిస్తున్న విదేశీ సంస్థ, పని మాత్రం ఊరి ఆడవాళ్లకే ఇవ్వాలని షరతు పెట్టిందట. అలా నాకు దొరికింది. గడ్డి, గంగవాయిలి కూర కోసుకొచ్చి వేయాలి, నీళ్లతొట్లు కడగాలి. వాటితో మాట్లాడకూడదని మొదటిరోజే చెప్పారు. మనిషికి అలవాటుపడితే మళ్లీ ఎవడి సంచిలోకో నడిచి వెళ్తాయట.

నేను మాట్లాడాను. మా ఆయన జయశీలన్ పోయి రెండేళ్లు. పిల్లల్లేరు. ఇంట్లో టీవీ తప్ప ఇంకో గొంతు లేదు. పక్కింటివాళ్లు ఒక నెల "తిన్నవా అక్కా" అని అడిగారు, తర్వాత వాళ్ల పనుల్లో వాళ్లు పడ్డారు. తాబేళ్లు అలా కాదు. "రాండ్రి బిడ్డా" అంటే మెడలు చాచుకుని, తీరుబడిగానైనా, అన్నీ వచ్చేవి. నా మోకాలు ఎంత సలుపుతోందో కూడా వాటికే చెప్పుకున్నాను.

పరీక్షకు వచ్చిన పశువుల డాక్టరు పూర్ణిమ, బందరు మనిషి, తలుపు దగ్గర నుంచి నన్ను పిలిచింది. "వస్తున్న మేడం" అన్నాను. అంతే, ముప్పై ఒక్కటీ నా వైపు బయలుదేరాయి.

"ఇలాగైతే వీటిని వదల్లేమండీ. జన్మంతా ఇక్కడే ఉండాల్సొస్తుంది," అంది. కోప్పడి ఉంటే బాగుండేది.

"ఉంటే ఏంది మేడం? నేను సూస్కుంట గదా."

"ఈ షెడ్డులోనా? అడవిలో తిరగాల్సినవండీ."

ఇంటికి నడుస్తూ నాతో నేనే కొట్లాడాను. లోపల సంతోషంగానే ఉంది. అందుకే సిగ్గేసింది. ఆ సూట్‌కేసువాడు డబ్బు కోసం ఎత్తుకుపోయాడు, నేను మాటల కోసం అట్టిపెట్టుకుంటున్నాను. తాబేలుకు తేడా ఏం తెలుస్తుంది?

మర్నాడు ఒక రేకు డబ్బా తీసుకెళ్లాను. "రాండ్రి బిడ్డా" అని పిలిచి, అవి మెడ చాచగానే దడదడా బాదాను. నలభై రోజులు అదే పని. మేత మాత్రం అవి లేవకముందే చప్పుడు చేయకుండా వేసి వచ్చేదాన్ని. మొదటి వారం నా మాట నమ్మి మళ్లీ మళ్లీ వచ్చాయి. ఆ వారమంతా నాకు అన్నం సహించలేదు.

పూర్ణిమ మళ్లీ వచ్చింది. డబ్బా తన చేతిలోకి తీసుకుంది.

"ఇప్పుడు ఊరికే పిలవండి, ఎస్తేరమ్మ గారూ. ఒక్కటి వచ్చినా వదలం."

పిలిచాను. నటించలేదు. ఒక్కటైనా రావాలని కోరుకుంటూనే పిలిచాను. ముప్పై ఒక్క తలలూ డిప్పల్లోకి వెళ్లిపోయాయి.

"పాసయ్యాయండీ," అంటూ ఆమె నా చెయ్యి పట్టుకుంది.

మంచిదే అన్నాను, మెల్లగా, వాటికి వినపడకుండా.